ఆల్బమ్ మీద ఒక్క పేరు, పాటల వెనక ఎంతమంది?

(ఇది ఎపిసోడ్‌లో చెప్పిన మాటల రాత రూపం. ఆడియోలో పాట ముక్కలు వినిపించిన చోట్లు ఇక్కడ ఉండవు. మాట్లాడేటప్పుడు తడబడ్డవి, రెండేసిసార్లు అన్నవి తీసేశాను. మిగతాదంతా ఉన్నదున్నట్టే.)



పోయినసారి చివర్లో, వచ్చే ఎపిసోడ్‌లో ఒక ర్యాప్ ఆల్బమ్ గురించి చెప్తాను అన్నాను. వెంటనే రెండు రకాల మెసేజులు వచ్చాయి. "మీకెందుకండీ ఆ గోల, హాయిగా ఘంటసాల గారి గురించి చెప్పుకోక" అని పెద్దవాళ్ళు. "అంకుల్, ఏ ఆల్బమ్?" అని ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు. పెద్దవాళ్ళకి నా మనవి ఒకటే. ఈ ఒక్కసారికి ఓపిక పట్టండి. ఇది పాటల గొడవలాగే మొదలవుతుంది గానీ, కాసేపటికి కూలి గొడవ అవుతుంది, కాగితాల గొడవ అవుతుంది. అవి మనందరికీ తెలిసిన గొడవలే.

ఆల్బమ్ పేరు "ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్". 1998 ఆగస్టు 25న వచ్చింది. న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాళ్ళకి ఇది ఒక రకంగా మన పక్క ఊరి ఆల్బమ్. లారిన్ హిల్ పెరిగింది సౌత్ ఆరెంజ్‌లో. ఎడిసన్‌లో ఇడ్లీ తిని కారెక్కితే, ట్రాఫిక్ లేకపోతే, టిఫిన్ అరిగే లోపు అక్కడ ఉంటారు. ఆమె అమ్మగారు నెవార్క్‌లో ఇంగ్లీషు టీచరు. ఆల్బమ్ పేరు కూడా బడికి సంబంధించిందే. కార్టర్ జి. వుడ్‌సన్ అనే చరిత్రకారుడు 1933లో రాసిన ఒక పుస్తకం పేరు నుంచి వచ్చింది. నల్లవాళ్ళ పిల్లలకి బడిలో చెప్పే చదువు వాళ్ళని వాళ్ళకే ఎలా పరాయివాళ్ళని చేస్తుందో ఆయన అందులో రాశాడు.

ఆల్బమ్ మొదట్లో బడి గంట కొడతారు, మాస్టారు హాజరు పిలుస్తాడు. పిల్లలు ఒక్కొక్కరే పలుకుతారు. లారిన్ హిల్ పేరు పిలిస్తే జవాబు రాదు. ఆ తర్వాత పాటల మధ్యలో ఆ మాస్టారు పిల్లలతో ప్రేమ అంటే ఏమిటి అని మాట్లాడిస్తూ ఉంటాడు. ఆ గొంతు ఎవరిదో నాకు చాలా కాలం తెలియదు. మా సైట్‌లో డ్రైవాల్ వేసే క్రూలో నెవార్క్‌లో పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరు ఉండేవాడు. మధ్యాహ్నం భోజనాల టైములో రేడియోలో ఈ ఆల్బమ్ వస్తుంటే నవ్వి, "ఆ మాస్టారు ఎవరో తెలుసా, మా మేయరు" అన్నాడు. నిజమే. ఆయన రాస్ బరాకా. అప్పటికి నెవార్క్‌లో టీచరు, కవి. 2014 నుంచి ఆ ఊరి మేయరు. అట్ట మీద పేరు చూడకుండా పాట వింటే ఇలాంటివి ఎన్ని దాటిపోతాయో.

సరే, ముందు ఈ ఆల్బమ్ ఎంత పెద్దదో చెప్పేస్తాను, ఆ తర్వాత అసలు సంగతికి వద్దాం. మొదటి వారంలోనే నాలుగు లక్షల ఇరవై వేల పైచిలుకు కాపీలు అమ్ముడయ్యాయి. 1999 ఫిబ్రవరి గ్రామీల్లో పది నామినేషన్లు, అయిదు అవార్డులు. అందులో "ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్" కూడా ఉంది. హిప్‌హాప్‌కి ఆ అవార్డు రావడం అదే మొదలు. (ఇందులో సగం పాడింది, సగం ర్యాప్ చేసింది కాబట్టి ఇది ర్యాప్ ఆల్బమా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. గ్రామీవాళ్ళు కూడా దీన్ని ఆర్ అండ్ బీ వరసలోనే పెట్టారు. నాకు ఆ పట్టింపు లేదు.) 2021 ఫిబ్రవరిలో అమెరికాలో కోటి యూనిట్లు దాటి డైమండ్ సర్టిఫికెట్ వచ్చింది. 2024లో యాపిల్ మ్యూజిక్ వంద ఉత్తమ ఆల్బమ్‌ల జాబితా వేస్తే మొదటి స్థానం దీనిదే.

ఇంత పెద్ద ఆల్బమ్ చేసినప్పుడు ఆమెకి ఇరవై మూడేళ్ళు. అట్ట తిప్పితే రాసింది, స్వరపరిచింది, ప్రొడ్యూస్ చేసింది లారిన్ హిల్ అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర మొదలైంది అంతా.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పుకోవాలి. లేకపోతే మన వాళ్ళకి గందరగోళం. మన సినిమాల్లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు, నిర్మాత. ర్యాప్‌లో ప్రొడ్యూసర్ అంటే బీట్ కట్టేవాడు. మన లెక్కలో సంగీత దర్శకుడికి దగ్గర. డ్రమ్ము ఎక్కడ పడాలి, బేస్ ఎంత బరువుగా ఉండాలి, పాత రికార్డులోంచి ఏ ముక్క తీసి ఎక్కడ అతికించాలి, గొంతు ఎప్పుడు ఒంటరిగా వదలాలి, ఇవన్నీ ఆయన పనే. పాటల రచయిత అంటే మాటలు రాసినవాడొక్కడే అనుకోకూడదు, ట్యూన్ కట్టినవాడు కూడా రచయితే. చట్టం దృష్టిలో పాట అంటే ఆ రెండూ కలిపి. ఇక ఇంజినీరు. మైకు ఏది పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి దగ్గర్నుంచి, యాభై అరవై శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్ది మిక్స్ చేసేవరకు ఆయనదే. ఆయన సరిగ్గా చేస్తే ఆయన ఉన్నట్టే తెలియదు. ప్లంబింగ్ లాంటిది. గోడ వెనక పైపు లీకైతేనే మనకి ప్లంబరు గుర్తొస్తాడు.

ఈ ఆల్బమ్‌కి ప్రధాన ఇంజినీరు గార్డన్ విలియమ్స్. అందరూ "కమిషనర్ గార్డన్" అంటారు. ఇంకా టోనీ ప్రెండాట్, వారెన్ రైకర్ లాంటివాళ్ళు ఉన్నారు. ఈ వారెన్ రైకర్ లారిన్‌కి పాత మనిషే. ఆమె అంతకు ముందు వైక్లెఫ్ జాన్, ప్రాస్‌లతో కలిసి "ఫ్యూజీస్" అనే గుంపులో ఉండేది. వాళ్ళ రెండో ఆల్బమ్ "ద స్కోర్" 1996లో వచ్చి దుమ్ము లేపింది. దాన్ని చేసింది కూడా పెద్ద పెద్ద స్టూడియోల్లో కాదు. కంపెనీ ఇచ్చిన 1,35,000 డాలర్ల అడ్వాన్సుతో పరికరాలు కొనుక్కుని, ఈస్ట్ ఆరెంజ్‌లో వైక్లెఫ్ మేనమామో బాబాయో, ఆయన ఇంటి బేస్‌మెంటులో పెట్టుకున్నారు. బూగా బేస్‌మెంట్ అని దానికి పేరు. ఇక్కడ బేస్‌మెంట్ అంటే మనవాళ్ళకి హీటరు, వాషింగ్ మెషీను, ఇండియా నుంచి తెచ్చిన సూట్‌కేసులు. వాళ్ళకి అది ఫ్యాక్టరీ.

ఆ గుంపు విడిపోయింది. ఆ విడిపోవడంలో ప్రేమ, పంతం, డబ్బు అన్నీ ఉన్నాయి, అవి ఇప్పుడు మనకక్కర్లేదు. 1997 ఆగస్టులో లారిన్‌కి కొడుకు పుట్టాడు, జయాన్. ఆ తర్వాత తన సొంత ఆల్బమ్ మొదలుపెట్టింది. ఫ్యూజీస్‌లో ఉన్నప్పుడు అంతా వైక్లెఫ్ బుర్ర అని జనం అనుకునేవారు. ఆమె పాడుతుంది, ఆయన చేస్తాడు అని. ఆడపిల్ల పాడితే వెనక ఎవడో మగవాడు నడిపిస్తున్నాడు అనుకోవడం ఆ పరిశ్రమకి అలవాటు. మనకీ అలవాటే. అందుకని ఈసారి పెత్తనం తనదే అని ఆమె మొదట్నుంచీ గట్టిగా ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

పని న్యూయార్కులో చంగ్ కింగ్ స్టూడియోలో మొదలై, జమైకాలో కింగ్‌స్టన్‌కి, బాబ్ మార్లీ పెట్టిన టఫ్ గాంగ్ స్టూడియోకి వెళ్ళింది. అక్కడ మొదటి రోజు పొద్దున సంగతి గార్డన్ విలియమ్స్ తర్వాత ఎప్పుడో ఒక పత్రికకి చెప్పాడు. స్టూడియో పక్క గదిలో లారిన్ చుట్టూ మార్లీ మనవలు, మనవరాళ్ళు ఒక పదిహేను మంది చేరారట. ఆమె ఒక ర్యాప్ చరణం అందుకుంటే, ప్రతి పాదం చివరి మాట పిల్లలందరూ కలిసి అరుస్తున్నారట. అదే "లాస్ట్ వన్స్" పాట అయింది. ఇప్పుడు చెప్పండి, ఆ పాటలో ఆ పిల్లల వాటా ఎంత? నవ్వుకోకండి. ఇలాంటి ప్రశ్నే తర్వాత లాయర్ల దగ్గరికి వెళ్ళింది.

మిషన్ల మీద కన్నా మనుషులు వాయించిన వాయిద్యాల మీద ఆమెకి మోజు. కార్లోస్ సాంటానా వచ్చి కొడుకు మీద రాసిన పాటకి గిటారు వాయించాడు. ఫిలడెల్ఫియా నుంచి జేమ్స్ పాయిజర్ కీబోర్డు. బీట్ల దగ్గర చే పోప్. "ఎవ్రీథింగ్ ఈజ్ ఎవ్రీథింగ్" అనే పాటలో పియానో వాయించింది పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చదువుకుంటున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. పేరు జాన్ స్టీఫెన్స్. తర్వాత జాన్ లెజెండ్ అని పేరు మార్చుకున్నాడు, అప్పుడు మీకందరికీ తెలిశాడు.

వీళ్ళతో పాటు నెవార్క్ చుట్టుపక్కల నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళ జట్టు ఒకటి ఉంది. ఊరి పేరునే విరిచి "న్యూ ఆర్క్" అని పెట్టుకున్నారు. వాడా నోబుల్స్, రషీమ్ ప్యూ, న్యూటన్ సోదరులు టెజుమోల్డ్, జొహారి. వాడా డ్రమ్ ప్రోగ్రామింగ్ చేసేవాడు. మిగతావాళ్ళలో రాసేవాళ్ళున్నారు, వాయించేవాళ్ళున్నారు. ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద వాళ్ళ పేర్లు అసలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని పాటల దగ్గర, అదనంగా సాయం చేశారు అన్న తీరులో ఉన్నాయి. రచయితలుగా, ప్రొడ్యూసర్లుగా తాము అడిగినంత లేవు అన్నది వాళ్ళ బాధ. 1998 నవంబరులో, ఆల్బమ్ వచ్చి మూడు నెలలు తిరగకుండానే, లారిన్ హిల్ మీద, ఆమె మేనేజిమెంటు మీద, రికార్డు కంపెనీ మీద కేసు వేశారు. దాదాపు ఆల్బమ్ అంతటా మా చెయ్యి ఉంది, మా పేరు, మా వాటా ఇవ్వండి అని.

ఆమె వైపు మాట ఏమిటంటే, వాళ్ళు పనికి పెట్టుకున్న మనుషులు, వాళ్ళకి డబ్బు ఇచ్చాం, పాటలు నావి.

2001 ఫిబ్రవరిలో కేసు కోర్టు బయటే రాజీ అయింది. 50 లక్షల డాలర్లు ఇచ్చారని పత్రికల్లో వచ్చింది. న్యాయమూర్తి తీర్పంటూ లేదు. కాబట్టి ఏ పాటలో ఎవరిది ఎంత అనేది ఇవాళ్టికీ చట్టప్రకారం తేలలేదు. తేల్చినట్టు మాట్లాడేవాళ్ళని నమ్మకండి.

ఇప్పుడు, పేరు కోసం ఇంత గొడవా అనుకునేవాళ్ళ కోసం కాస్త లెక్క చెప్తాను. కాంక్రీటు లెక్కలు చేసిన చెయ్యి, లెక్క లేకుండా నాకు నిద్ర పట్టదు.

అమెరికాలో ఒక పాటకి రెండు హక్కులుంటాయి. పాట మీద ఒకటి, ఆ పాట రికార్డింగు మీద ఇంకొకటి. రికార్డింగు సాధారణంగా కంపెనీ చేతిలో ఉంటుంది. పాట హక్కు రాసినవాళ్ళది. 1998లో ఒక్కో కాపీకి, ఒక్కో పాటకి, చట్టం పెట్టిన రేటు 7.1 సెంట్లు. పది లక్షల కాపీలు అమ్మితే ఒక్క పాట మీద 71,000 డాలర్లు. అందులో మీ పేరు పదిశాతానికి రాసి ఉంటే 7,100. అలాంటి పాటలు పదమూడు ఉంటే 92,300. ఇది పది లక్షలకే. ఈ ఆల్బమ్ అక్కడ ఆగలేదు కదా. కంపెనీలు ఆ రేటులో ముప్పావు వంతే ఇచ్చేలా కాంట్రాక్టులు రాయించుకునేవి, పబ్లిషర్లు కొంత పట్టుకునేవారు, అది వేరే సంగతి. ఇంకోవైపు రేడియోలో వేసినప్పుడల్లా బీఎంఐ, ఆస్కాప్ లాంటి సంఘాల ద్వారా రచయితకి వచ్చేది దీని మీద అదనం. మీరు చచ్చిపోయాక డెబ్బై ఏళ్ళదాకా మీ పిల్లలకి, మనవలకి వస్తుంది.

ప్రొడ్యూసరుకి రికార్డింగు రాబడిలో "పాయింట్లు" ఇస్తారు, మూడో నాలుగో శాతం. ఇంజినీరుకి? గంటకింత, రోజుకింత. అంతే. పాట కోటి కాపీలు పోయినా, కొట్లో దుమ్ము పట్టినా ఆయన చెక్కు ఒకటే. మన సెంట్రింగు వాళ్ళలాగ. స్లాబు పడ్డాక కర్రలు ఊడదీసుకుని వెళ్ళిపోవడమే.

ఈ వాటాలు ఎక్కడ రాస్తారంటే, దానికి ఒక కాగితం ఉంది. స్ప్లిట్ షీట్ అంటారు. పాట పూర్తయిన రాత్రి, స్టూడియోలోంచి బయటికి వెళ్ళకముందు, గదిలో ఉన్నవాళ్ళందరూ ఎవరి శాతం ఎంతో రాసుకుని సంతకాలు పెట్టాలి. ఒక్క పేజీ. ఈ ఆల్బమ్ చేసేటప్పుడు న్యూ ఆర్క్ వాళ్ళతో ముందస్తుగా రాతకోతలు లేవనీ, మనం మనం ఒకటి, మధ్యలో కాగితాలు దేనికి అన్న ధోరణి నడిచిందనీ తర్వాత పత్రికల్లో వచ్చింది. నాకు అది చదవగానే ఒళ్ళు జలదరించింది. ఇరవై ఏళ్ళ సైటు పనిలో ఆ మాట ఎంతమంది నోట విన్నానో. "మన మధ్య అగ్రిమెంట్ ఏంట్రా" అన్నవాళ్ళే ఆర్నెల్లకి పోలీస్ స్టేషన్లో కనిపిస్తారు. ఇక్కడ అమెరికాలో ఒక గోడ నాలుగంగుళాలు జరపాలన్నా ఛేంజ్ ఆర్డరు మీద సంతకం లేకుండా మా ఫోర్‌మన్ సుత్తి ఎత్తడు. మొదట్లో నాకు వీళ్ళకి చాదస్తం అనిపించేది. ఇప్పుడు నేనే అడుగుతాను.

ఇంకో చిక్కుంది. కాగితం లేనప్పుడు, ఇద్దరు కలిసి రాసినట్టు తేలితే అమెరికా చట్టం చెరి సగం అంటుంది. ఎవరు ఎక్కువ రాశారు, ఎవరు తక్కువ రాశారు అని కొలవదు. అయితే కలిసి రాసినట్టు ఎప్పుడు లెక్క? ఇద్దరికీ ఆ ఉద్దేశం ఉండాలి, నువ్వూ రచయితవే, నేనూ రచయితనే అని మనసులో ఇద్దరూ అనుకుని ఉండాలి అని న్యూయార్కు వైపు ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు 1991లో ఒక నాటకం కేసులో చెప్పింది. మనసులో అనుకున్నది కోర్టులో ఎలా చూపిస్తావు? అట్ట మీద ఎవరి పేరు వేశారో చూస్తారు. అంటే, పేరు వేయలేదని కోర్టుకి వెళ్తే, పేరు లేకపోవడమే నీకు వ్యతిరేక సాక్ష్యం కావచ్చు. చూశారా తిరకాసు!

నా సొంత సంగతి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. మొదటి ఉద్యోగం హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసులో. డ్రాయింగు కింద కుడివైపు మూలన ఒక పెట్టె ఉంటుంది. గీసింది ఎవరు, సరిచూసింది ఎవరు, ఆమోదించింది ఎవరు అని మూడు గళ్ళు. రెండేళ్ళు నేను గీసిన షీట్లలో మొదటి గడిలో వాళ్ళ బంధువు పొడి అక్షరాలు పడేవి. అప్పుడు నాకు పెద్దగా బాధ లేదు, జీతం వస్తోంది కదా అని. బాధ ఎప్పుడొచ్చిందంటే, బయట దేశం ఉద్యోగానికి ఇంటర్వ్యూలో నీ పని చూపించు అన్నారు. చూపిస్తే, ఇందులో నీ పేరేదీ అన్నారు. ఆ ఉద్యోగం పోయింది. పేరు అంటే గొప్ప కోసం అనుకుంటారు చాలామంది. పేరు అంటే రేపటి పని. న్యూ ఆర్క్ కుర్రాళ్ళు కేసు వేస్తే అప్పట్లో కొందరు డబ్బాశ అన్నారు. "ప్రొడ్యూస్డ్ బై" అన్న చోట పేరుంటే తర్వాతి ఫోను వస్తుంది, "సాయం" అన్న చోట ఉంటే రాదు. అది తెలిసినవాళ్ళు ఆ మాట అనరు.

అలాగని లారిన్ హిల్ దొంగ అనే మాట కూడా నేను ఒప్పుకోను. 2018లో రాబర్ట్ గ్లాస్పర్ అనే పియానో విద్వాంసుడు హ్యూస్టన్ రేడియోలో దాదాపు ఆ మాటే అన్నాడు. వాయించినవాళ్ళ సంగీతం, ఆమె పేరు అని. ఆ ఆగస్టులోనే ఆమె నెట్‌లో పెద్ద వ్యాసం రాసి జవాబిచ్చింది. సారాంశం ఏమిటంటే, గొప్ప వాద్యకారుల్ని నేనే ఏరి తెచ్చుకున్నాను, నా సృష్టికి ఆర్కిటెక్టుని నేను, నాకు తెలియకుండా ఏ నిర్ణయమూ జరగదు అని.

ఆర్కిటెక్టు అన్న మాట పట్టుకుంటే నాలాంటివాడికి బాగా అర్థమవుతుంది. ఆ మాట నిజం. పునాది ఎక్కడ, కిటికీ ఎటు, ఇదంతా ఒక మనిషి తలలో ముందు పుట్టాలి. ఈ ఆల్బమ్ వింటే, మొదటి గంట నుంచి చివరి పాట దాకా ఒక్క మనిషి జీవితం. ఆ నలుగురిని ఇంకో గాయని దగ్గర కూర్చోబెడితే ఇది వచ్చేది కాదు. ఆడదానివి, నువ్వెక్కడ చేశావు అని అడిగే లోకంలో ఒక్క పేరే వేయించుకోవాలన్న ఆమె పట్టుదల నాకు అర్థమవుతుంది. కానీ ఆర్కిటెక్టు సంతకం ఉన్న షీటు మీదే స్ట్రక్చరల్ ఇంజినీరు ముద్ర కూడా ఉంటుంది. ఒకదానివల్ల ఇంకొకటి చిన్నదైపోదు. ఆమె పక్కన ఇంకో నాలుగు పేర్లు పెద్ద అక్షరాల్లో పడి ఉంటే ఆమె ఎత్తు అంగుళం తగ్గేది కాదు. నా లెక్క ఇది. ఒప్పుకోనివాళ్ళు కామెంట్లో తిట్టండి.

ఇదంతా వాళ్ళ గొడవ, మనకెందుకు అంటారేమో. 2017 మార్చి గుర్తుందా? మన బాలు గారు యాభై ఏళ్ళ పాట పండగ అని అమెరికా టూరులో ఉన్నారు. టిక్కెట్లు కొనుక్కుని మనమంతా ఎదురు చూస్తున్నాం. మధ్యలో ఇళయరాజా గారి లాయరు నోటీసు. అనుమతి లేకుండా ఆయన స్వరపరిచిన పాటలు పాడొద్దని. బాలు గారు ఫేస్‌బుక్‌లో ఆ సంగతి చెప్పి, చట్టం అలా ఉంటే పాటిస్తాను, ఇకమీద ఆ పాటలు పాడను అని రాశారు. ఇక్కడ మన కిచెన్లలో ఎంత రచ్చ జరిగింది! గొంతు లేకపోతే ట్యూన్ ఎక్కడిది అని ఒకరు, ట్యూన్ లేకపోతే గొంతు ఏం పాడుతుంది అని ఇంకొకరు. తర్వాత ఇద్దరూ మళ్ళీ ఒక వేదిక మీద కలిశారు, అది మనకి ఊరట. ఆ పాటలు రాసిన కవి పేరు మాత్రం ఆ రచ్చలో ఒక్కరూ ఎత్తలేదు. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం మార్చి, సినిమా పాట రాసినవాళ్ళ రాయల్టీ, స్వరపరిచినవాళ్ళ రాయల్టీ నిర్మాతకి పూర్తిగా రాసిచ్చేయడానికి వీల్లేకుండా చేశారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడితే అయింది ఆ పని. మిక్సింగు ఇంజినీరుకి మన దగ్గర ఇప్పటికీ అలాంటిదేమీ లేదు.

మళ్ళీ "లాస్ట్ వన్స్" దగ్గరికి వస్తాను, ఒక ముఖ్యమైన మనిషి మిగిలిపోయింది. ఆ పాటలో సిస్టర్ నాన్సీ అనే జమైకా గాయని 1982లో పాడిన "బామ్ బామ్" నుంచి తీసుకున్న ముక్క వినిపిస్తుంది. ఆ పాట లోకమంతా వాడుకుంది, సినిమాల్లో, ఇతరుల పాటల్లో. ఆమెకి మాత్రం దశాబ్దాలపాటు పైసా రాలేదు. ఆమె ఎక్కడుందో తెలుసా? న్యూజెర్సీలోనే. తొంభైల్లో ఇక్కడికి వచ్చి ఒక బ్యాంకులో అకౌంటెంటుగా చేసింది. 2014లో టీవీలో ఒక బూట్ల ప్రకటనలో తన గొంతు తనకే వినిపించింది. అప్పుడు లాయర్ని పెట్టుకుంది, పదేళ్ళ బాకీ, పాట మీద హక్కులో వాటా రాబట్టుకుంది. ముప్పై రెండేళ్ళు పట్టింది చూడండి. అన్నాళ్ళూ ఆమె పొద్దున్నే బస్సో కారో ఎక్కి ఇతరుల ఖాతాలు సరిచూసి వచ్చేది.

అదే ఆల్బమ్‌లోని "ఎక్స్ ఫ్యాక్టర్" పాటని 2018లో డ్రేక్ తన "నైస్ ఫర్ వాట్"లో వాడుకున్నాడు. అది నంబర్ వన్ అయింది. దాని రచయితల జాబితా చూస్తే పెళ్ళి కార్డు వెనక పేర్లలాగ ఉంటుంది. ఎందుకంటే "ఎక్స్ ఫ్యాక్టర్" తనే వూ-టాంగ్ క్లాన్ పాట మీద నిలబడింది, అది గ్లాడిస్ నైట్ పాడిన ఒక పాత సినిమా పాట మీద నిలబడింది. ఒకరి స్లాబు మీద ఇంకొకరు అంతస్తు లేపారు, అద్దె మాత్రం కిందిదాకా పంచాలి.

పిల్లలకి ఒక సంగతి. ఈ పేర్ల లోకంలో మన పేరూ ఉంది. రాజకుమారి అంటే మీకు తెలిసే ఉంటుంది, ర్యాపరు. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. క్యాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్‌లో తెలుగువాళ్ళింట పుట్టింది, చిన్నప్పటి నుంచీ కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. అయిదో క్లాసులో చేతికి దొరికిన "ద స్కోర్" ఆల్బమ్ తనని హిప్‌హాప్‌లోకి లాగింది అని చెప్పింది. అవును, లారిన్ హిల్ ఉన్న ఆ బేస్‌మెంటు ఆల్బమే. తన సొంత పాటలతో పేరు రాకముందు ఆమె ఇతరులకి రాసేది. ఇగ్గీ అజేలియా 2014లో తెచ్చిన ర్యాప్ ఆల్బమ్ "ద న్యూ క్లాసిక్"లో "చేంజ్ యువర్ లైఫ్" పాట రచయితల్లో ఆమె ఉంది. ఆ ఆల్బమ్ ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ గ్రామీకి పోటీ పడి ఎమినెం చేతిలో ఓడింది. అదే ఏడాది ఫాల్ అవుట్ బాయ్ పాట "సెంచరీస్" రచయితల్లోనూ ఉంది, దానికి 2016లో బీఎంఐ పాప్ అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్ మ్యాచుల్లో ఆ పాట వేసినప్పుడల్లా స్టేడియంలో గొంతు చించుకునే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు, అందులో ఒక యల్లాప్రగడ అమ్మాయి వాటా ఉందని? తెల్లవాళ్ళ పాట అనుకుంటారు.

ఇప్పుడు కాస్త మెరుగు. 2018 ఫిబ్రవరి నుంచి స్పాటిఫైలో పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే రాసినవాళ్ళు, ప్రొడ్యూస్ చేసినవాళ్ళు కనిపిస్తున్నారు. అదే ఏడాది గ్రామీల నుంచి ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ అవార్డులో పాటల రచయితలకీ చోటిచ్చారు. అప్పటిదాకా లేదు, నమ్మండి. అదే ఏడాది అక్టోబరులో మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం వచ్చింది. అందులో ఒక భాగం ప్రకారం గాయకుడు ఒక ఉత్తరం రాసిస్తే, డిజిటల్ రేడియో రాబడిలో ఆయన భాగంలోంచి ప్రొడ్యూసరుకి, మిక్స్ చేసినవాడికి, సౌండ్ ఇంజినీరుకి నేరుగా డబ్బు వెళ్తుంది. అమెరికా కాపీరైట్ చట్టంలో ఇంజినీరు అన్న మాట మొదటిసారి పడింది అప్పుడే. గాయకుడు ఉత్తరం రాసివ్వాలి అన్నది గమనించారు కదా. దయ ఉండాలి. లేకపోతే లేదు.

మరి ఆ మనుషులు ఏమయ్యారు? లారిన్ హిల్ 2002లో ఒంటరిగా గిటారు పట్టుకుని పాడిన లైవ్ ఆల్బమ్ ఒకటి ఇచ్చింది. రెండో స్టూడియో ఆల్బమ్ ఇంతవరకూ రాలేదు. గార్డన్ విలియమ్స్ తర్వాత ఏమీ వైన్‌హౌస్ మొదటి ఆల్బమ్‌లో పనిచేశాడు. జేమ్స్ పాయిజర్ని మీరు రోజూ రాత్రి టునైట్ షో బ్యాండులో చూసే ఉంటారు, పేరు తెలియక. వాడా నోబుల్స్ 2005లో బార్బడోస్ నుంచి వచ్చిన ఒక కొత్త పిల్లకి మొదటి పాట చేయడంలో ఉన్నాడు. "పాన్ డి రిప్లే". ఆ పిల్ల రిహానా. ఈసారి ప్రొడ్యూసర్ల దగ్గర, రచయితల దగ్గర, రెండు చోట్లా అతని పేరుంది. నేను నొక్కి చూశాను.

ఈ వారానికి ఇంతే అండీ. ఘంటసాల గారి ఎపిసోడ్ అడిగినవాళ్ళకి, వచ్చేసారి తప్పకుండా. ఆయన రికార్డింగుల్లో వాయిద్యాలు వాయించినవాళ్ళ పేర్లు మీ ఇంట్లో పాత రికార్డు అట్టల మీద ఎక్కడైనా కనిపిస్తే ఫోటో తీసి పంపండి. ఉంటాను.